కటౌట్ స్క్రూ మీద మావయ్య చెయ్యి

పొద్దున్నే ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లుండే ఓల్డ్ సెటిల్‌మెంట్ నుంచి అత్తయ్య ఫోన్ చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనాడు నాయినా," అంది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. "ఫ్యాను సరిగ్గా తిరగట్లేదని ఇసుక్కున్నాడు. ఇసుక్కుంటానే పడుకున్నాడు. మరి లెగలేదు." నాకు దుఃఖంతోపాటు చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆ మనిషి విసుక్కోకుండా పోతాడని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆయన నాకు వరసకే మావయ్య. ఖరగ్‌పూర్‌లో మా క్వార్టరూ వాళ్ళ క్వార్టరూ పక్కపక్కనే. ఆయన రైలు పెట్టెల్లో లైట్లు, ఫ్యాన్లు, వాటి కిందుండే బ్యాటరీలు చూసే ఫిట్టరు. నేను అద్దె కారు డ్రైవర్ని. ఎనభైల్లో స్టీరింగ్ పట్టుకున్నప్పటి నుంచి నా కారుకి ఏ రోగం వచ్చినా ముందు ఆయన గుమ్మం దగ్గరే ఆపేవాణ్ణి.

సమాధి దగ్గర ఒక పెద్దమనిషి లేచి, "ఆయన చేతిలో దేవుడుండేవాడు, ఆ చెయ్యి ఏనాడూ తప్పు చెయ్యలేదు," అని మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు, ఇక్కడ చేతులకి కూడా ఆ గతి పట్టింది. మావయ్య బతికుంటే ఆ మాటన్నవాణ్ణి అక్కడే కడిగి ఆరేసేవాడు. ఆ చెయ్యి ఒక తప్పు చేసింది. ఆ తప్పు వల్లే నాకాయనంటే అంత గౌరవం. అది చెప్పేవాళ్ళెవరూ లేరు కాబట్టి నేను రాస్తున్నాను.

మావయ్యకి అసహ్యం జాస్తి. ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్ళంటే అసహ్యం. టేపు చుట్టకుండా తీగలు మెలేసి వదిలేసేవాళ్ళంటే అసహ్యం. ప్లగ్గు దొరక్క గోడ సాకెట్లో అగ్గిపుల్లలు గుచ్చి తీగలు నిలబెట్టే ఇళ్ళల్లో ఆయన టీ కూడా తాగేవాడు కాదు. "సీ, మనిసన్నవోడు సేసిన పనేనా ఇది," అని చేతులు దులుపుకునేవాడు. ఒక ఆదివారం చర్చిలో మైకు గుయ్యిమంటుంటే, పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగానే లేచి వెళ్ళి ప్లగ్గు పీకేసి కూర్చున్నాడు. పాస్టరుగారు ఒక క్షణం ఆగి, గొంతు పెంచి కొనసాగించారు. ఎవరైనా ఏమైనా అంటే ఆయన నోట్లో నోరు పెట్టాలి కదా.

పని నేర్పేటప్పుడు మాత్రం విసుగు తగ్గేది. "సల్లగున్న తీగని తిట్టకు అల్లుడూ. ఏడెక్కినకాడ సూడు," అనేవాడు. చేతి వెనకభాగంతో తీగ వెంట తడుముకుంటూ పోయేవాడు, జ్వరం చూసినట్టు. ఈనాటికీ నేను కారు బానెట్ ఎత్తితే ముందు అదే చేస్తాను.

మా సెటిల్‌మెంట్‌లో ఒక ఆచారం ఉండేది. ఏ వస్తువు పాడైనా బజారు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళడం నామోషీ. రైల్వేలో ఎవరు ఏ పని చేస్తారో ఆ పని వాళ్ళ గుమ్మంలోకే వెళ్ళేది. బ్రేకులు పెట్టెల ఫిట్టరు చూసేవాడు, రంగులు పెయింట్ షాపాయన వేసేవాడు, కరెంటు మావయ్యది. రైలుకి సరిపోయిన చెయ్యి కారుకి సరిపోదా అని మా ధీమా. ఆ ధీమా మా కొంప ముంచింది.

నేను నడిపే అంబాసిడర్ గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఉన్న తెలుగు సావుకారుది. దానికి హెడ్‌లైట్లు నీరసంగా ఉండేవి. బండి నెమ్మదైతే ఇంకా గుడ్డివయ్యేవి. మావయ్యకి చెప్పాను. ఆయనకి ఆ మాట ఎక్కడో తగిలింది. రైలు నెమ్మదిగా వెళ్ళేటప్పుడు పెట్టెలో లైట్లు మసగ్గా అయితే జనం ఎవర్ని తిడతారు? ఫిట్టర్ని. సర్వీసంతా ఆ తిట్లు తిన్నవాడాయన. కారు నడుస్తున్నప్పుడు డైనమో కరెంటు పుట్టిస్తుంది. అందులో ఎంత బయటికి వదలాలో చూసుకునే చిన్న డబ్బాని మా వాళ్ళు కటౌట్ అంటారు. దాని స్క్రూ బిగిస్తే ఎక్కువ వస్తుంది, వదులు చేస్తే తగ్గుతుంది. మావయ్య రైలు లెక్కన దాన్ని గట్టిగా బిగించాడు. స్టేషన్లలో గంటలు గంటలు నిలబడే రైలు పెట్టె కింద మంచమంత బ్యాటరీ ఉంటుంది, దాన్ని దబాయించి నింపాలి. రోజంతా పరిగెత్తే కారులో ఉన్నది బిందెంత బ్యాటరీ. ఆ తేడా ఆయనకి తట్టలేదు, నాకైతే అసలే తెలీదు.

ఆ రోజు నుంచి నా కారు లైట్లు చూసి అద్దె కార్ల స్టాండులో అందరూ నోరెళ్ళబెట్టారు. "ఏటి బావా, ఎక్స్‌ప్రెస్ ఇంజన్ లైటు పెట్టినావేటి," అని అడిగారు. అడిగిన ప్రతివాడికీ మావయ్య అలాగే బిగించి ఇచ్చాడు. బల్బులు తరచూ మాడిపోయేవి. "సీ, దొంగ బల్బులు," అని వాటిని చేసినవాళ్ళని తిట్టేవాడు. బ్యాటరీలో నీళ్ళు ఊరికే ఇంకిపోయేవి. "సీ, దొంగ బ్యాటరీ," అనేవాడు. లోకంలో దొంగలు ఎంతమంది ఉన్నారో అంతమందినీ తిట్టాడు కానీ కటౌట్ మూత మాత్రం మళ్ళీ తియ్యలేదు.

తొంభైల చివర్లో సెల్‌ఫోన్లు వచ్చాయి. మా వైపు అప్పటికింకా సిగ్నల్ సరిగా అందేది కాదు. కలకత్తా దారిలో కోలాఘాట్ దాటాక వాటికి ప్రాణం వచ్చేది. ఖరిదాలో ఉండే ఒక బెంగాలీ కాంట్రాక్టరు నా కారులోనే కలకత్తా వెళ్ళొచ్చేవాడు. ఆయన కోసం సావుకారు డాష్‌బోర్డు కింద ఒక సాకెట్ పెట్టించాడు, ఫోన్ ఛార్జింగుకి. కొన్నాళ్ళు బాగానే ఉంది. ఒక ప్రయాణంలో ఫోన్ పెనంలా కాలి, కమురు వాసన కొట్టి, మొహం నల్లబడి ఊరుకుంది. కలకత్తా ఫుట్‌పాత్ మీద కొన్న ఛార్జరు కదా అని ఆయన ఇంకో ఫోను కొనుక్కున్నాడు. తర్వాత సావుకారు కొడుకు కొత్త ఫోను పెట్టాడు. అదీ పోయింది. లోపలి బ్యాటరీ బూరెలా ఉబ్బింది.

ఇక మొదలైంది రోత. ఫోన్ విప్పిన షాపువాడెవడో ఇది కంపెనీ బ్యాటరీ కాదన్నాడట. అంతే, నేను మంచి బ్యాటరీలు తీసి అమ్ముకుని చెత్తవి పెట్టానని సావుకారు తేల్చేశాడు. ఫోన్ వెనక మూత ఎలా తెరవాలో కూడా నాకు తెలీదు. "నీ సేతిలో బండి, బండిలో ఫోను. నువ్వు సెయ్యకపోతే దెయ్యాలు సేసినాయేటి?" అని కొట్టు నిండా జనం ఉండగా అడిగాడు. కారు తాళం బల్ల మీద పెట్టించుకున్నాడు. నిన్నటిదాకా నా కారులో చంటిపిల్లల్ని ఆస్పత్రికి పంపినవాళ్ళు స్టాండులో నన్ను చూసి జేబులు తడుముకున్నారు.  చిన్న ఊళ్ళో డ్రైవరుకి ఉండేది ఒక్క పేరు. అది దొంగ అయితే ఇంకే కారూ ఎక్కనివ్వరు.

మావయ్య విని చెప్పులేసుకున్నాడు. సావుకారుని అడిగి కారు మా వీధిలోకి తెప్పించి బానెట్ ఎత్తాడు. ముందు సాకెట్ విప్పాడు. "సీ, ఇదేటి బిగించడం," అని తిట్టి, లోపల బాగానే ఉందని పక్కన పెట్టాడు. తీగ తడిమాడు, చల్లగా ఉంది. ఫ్యూజు చూశాడు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఎర్తు తీగ లాగి చూశాడు, గట్టిగా ఉంది. అప్పుడు బ్యాటరీ మూతలు తీశాడు. లోపలి పలకలు సగం బయటికి తేలి ఎండిపోయి ఉన్నాయి. చుట్టూ తెల్లగా ఉప్పు కట్టింది. మావయ్య తిట్టడం ఆపేశాడు. ఆయన తిట్టకపోతే నాకు భయం వేసింది.

"ఇంజన్ ఎయ్యి," అన్నాడు. బ్యాటరీకి మీటరు పెట్టాడు. ముల్లు మామూలుగానే నిలబడింది. "తొక్కు." ఎక్సిలరేటర్ తొక్కాను. పధ్నాలుగు వోల్టుల దగ్గర ఆగాల్సిన ముల్లు పదిహేడు దాటి వణుకుతోంది. ఎండిపోయిన బ్యాటరీ పట్టుకోలేని ఆ మిగులంతా సాకెట్లోకే వెళ్తోంది. "ఆపు," అన్నాడు. కటౌట్ డబ్బా మీది దుమ్ము బొటనవేలితో తుడిచాడు. దాని మూత మీద అప్పుడు బిగించాక ఆయన తన చేత్తో పెట్టిన రంగు గుర్తు అలాగే ఉంది. ఆయన తర్వాత ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

"నాదే," అన్నాడు.

అత్తయ్య గుమ్మంలోంచి అంతా చూస్తోంది. ఆవిడ లోకం తెలిసిన మనిషి. "ఆ స్క్రూ ఇప్పుడు తిప్పేసి ఊరుకో. కలకత్తా సార్జరు మంచిది కాదని సెప్పు. అందరూ నమ్ముతారు. ఎవుడికి తెలస్తాది?" అంది.

"నాకు తెలీదేటి?" అన్నాడు మావయ్య. కుడి చెయ్యి లుంగీకి రుద్దుకున్నాడు. "ఎవుడెవుడి పనినో సూసి సీ కొట్టినాను. నా సెయ్యి నాకే రోత పుడతంది. పద అల్లుడూ, కొట్టుకాడికి."

స్క్రూ తిప్పకుండా, కారు ఎలా ఉందో అలాగే తీసుకెళ్ళాం. కాంట్రాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. మావయ్య కొట్టు ముందు బానెట్ ఎత్తి, అందర్నీ పిలిచి, ముల్లు చూపించాడు. "ఈ కటౌట్ నేను బిగించినాను. ఫోన్లు మాడినాయంటే నా వల్ల మాడినాయి. ఈడు దొంగ కాదు. దొంగ అన్నవోళ్ళు ఆ మాట ఎనక్కి తీసుకోండి," అన్నాడు. తెలుగులో ఒకసారి, బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాడు, అర్థం కాలేదనే వీలు ఎవరికీ మిగల్చకుండా. కాంట్రాక్టరు "ఠీక్ హై దాదా, ఠీక్ హై" అంటూ వెనక్కి జరిగాడు. సావుకారు తాళం నా వైపు బల్ల మీద జరిపాడు. మాట వెనక్కి తీసుకోలేదు. ఎవడో వెనకనుంచి, "రైల్వేవోళ్ళకి కారిస్తే ఇంతే," అని నవ్వాడు. నవ్వినవాడి కారు కటౌట్ కూడా మావయ్యే బిగించాడని నాకు తెలుసు. దాని లైట్లు చూసి వాడు మురిసిపోయిన రోజూ నాకు గుర్తుంది. ఛీ అనిపించింది. మావయ్య ఆ నవ్వు విన్నాడు, అక్కడే స్క్రూ వదులు చేసి బానెట్ దించాడు.

నా పేరు బాగుపడింది. అక్కడితో నా గొడవ తీరింది. ఆయనది తీరలేదు. మర్నాటి నుంచి మీటరు చంకలో పెట్టుకుని, తాను బిగించిన ప్రతి కారు దగ్గరికీ సైకిల్ మీద వెళ్ళాడు. "తప్పు సేసినాను, బానెట్ తియ్యండి," అని అడిగాడు. కొందరు తిట్టారు, ఆ తిట్లు నిలబడి విన్నాడు. ఇంకొందరు లైట్లు తగ్గుతాయంటే వద్దన్నారు. మాడినా ఫర్వాలేదు, వెలగాలి. ఈ మనుషులతో ఏం మాట్లాడతాం? ఆ తర్వాత సెటిల్‌మెంట్‌లో ఆయన గుమ్మానికి పని రావడం తగ్గిపోయింది. తప్పు దాచుకున్నవాళ్ళ గుమ్మాల ముందు మాత్రం ఎప్పటిలాగే బళ్ళు ఆగేవి.

చివరిది ప్రేమ్ బజార్‌లో ఒక హోటలాయన కారు, అందరూ ఆయన్ని దాదా అంటారు, అన్నగారని. మావయ్య నన్ను కూడా తోడు రమ్మన్నాడు. దాదా చెయ్యి ఊపేశాడు. "లైట్ బహుత్ అచ్ఛా హై. ఛోడ్ దో," అన్నాడు. బాగా వెలుగుతున్నాయి, వదిలెయ్యమని. తన దగ్గర ఫోనే లేదన్నాడు. "ఇయ్యాల లేదు, రేపు కొంటావు," అన్నాడు మావయ్య. దాదా వినకుండా కారెక్కి స్టార్ట్ చేశాడు. అప్పుడే చీకటి పడుతోంది. లైట్లు వేశాడు. మావయ్య కారు ముందుకెళ్ళి నిలబడ్డాడు. ఆ తెల్లటి వెలుగు నేరుగా ఆయన మొహం మీద పడింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, పక్కకి తప్పుకోలేదు. హారన్ మోగింది. కుర్రాళ్ళు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. మళ్ళీ మోగింది. చివరికి దాదా ఏదో గొణుక్కుంటూ దిగి బానెట్ ఎత్తాడు.

మావయ్య నన్ను సీట్లో కూర్చుని తొక్కమన్నాడు. తొక్కాను. ఎదురుగా ఉన్న పుస్తకాల కొట్టు గోడ మీద లైట్లు సున్నంలా తెల్లగా పడ్డాయి. బానెట్ వెనక మావయ్య కనబడటం లేదు, స్క్రూడ్రైవర్ చప్పుడు మాత్రం వినిపిస్తోంది. గోడ మీద తెలుపు కొంచెం కొంచెంగా దిగి, లేత పసుపులోకి వచ్చింది.

"ఎలగుంది అల్లుడూ?"

"తగ్గింది మావయ్యా."

బానెట్ దించి, చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాడు. ఆ నీరసపు పసుపు వెలుగు పడ్డ గోడ కేసి తిరిగి నిలబడ్డాడు. ఎవర్నీ తిట్టలేదు. విసుగు లేని ఆయన మొహం నేను మొదటిసారి అప్పుడే చూశాను.