చాచా ఖబర్

గీతలూ పట్టీలూ ఉన్న కాగితాన్ని చూసి గడగడా చెప్పేసేవాళ్లంతా మేధావులని నేను గట్టిగా నమ్మిన రోజులవి. నయాపూల్ దగ్గర ఒక చిన్న సర్వే ఆఫీసులో నాకు కొత్తగా ఉద్యోగం దొరికింది. దొరికిందంటే పూర్తిగా కాదు. నెల చూసి, పనికొస్తేనే ఉంచుకుంటామన్నారు. చార్టుల్లో ఉన్నదాన్ని మామూలు జనానికి మాటల్లో చెప్పడం నా పని. మా నాన్న అప్పటికే "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందండోయ్" అని కోస్తాలోని చుట్టాలందరికీ టముకు వేసేశారు కాబట్టి, అది పోతే నాకంటే ఆయనకే ఎక్కువ తలవంపులు.

నెలాఖరున మా సారు నన్ను లాడ్ బజార్‌కి తీసుకెళ్లి, ఓ గాజుల దుకాణం ముందు నిలబెట్టి, "ఈ చాచాకి అర్థమయ్యేలా చెప్పమ్మా, ఉద్యోగం నీదే" అన్నారు. మొదటి చార్టు తీసి "పల్లెల్లో జనం తగ్గిపోతున్నారు చాచా" అన్నాను. "అయ్యో పాపం" అన్నాడాయన. (ఎంత జాలిగుండె అనుకున్నాను.) రెండో చార్టు, ఎవరు ఎక్కడ వార్తలు తెలుసుకుంటారన్నది. ముందు ఆయన సంగతే అడుగుదామని, సారు మెచ్చుకుంటారని, బళ్లో నేర్చిన హిందీ అంతా కూడగట్టి "ఆప్‌కీ ఖబర్ కిధర్ చాచా?" అన్నాను, మీకు వార్తలెక్కడ అనే అర్థంలో. ఆయన సర్దుతున్న గాజులు వదిలేశాడు.

"మా అబ్బా పక్కన జాగ ఉన్నది బేటీ."

తండ్రితో కలిసి టీవీ చూస్తాడు కాబోలనుకుని, "ఆయన కూడా వింటారా?" అన్నాను.

"ఆయనేం వింటడు? పండుకున్నడు గదా!"

పెద్దాయన, పగలు కునుకు తీస్తున్నారేమోనని సరిపెట్టుకుని, పట్టీ మీద వేలు పెట్టి "ఇప్పుడు కుర్రాళ్లందరికీ ఫోన్‌లోనే ఖబర్ చాచా" అన్నాను. "పోరగాళ్లకు ఖబరా? అదిగూడ ఫోన్‌లనా? తోబా తోబా!" అని చెంపలేసుకున్నాడు. సారు వైపు చూస్తే (ఆయనదీ మా కోస్తాయే) ఆయన నాకంటే అయోమయంగా ఉన్నారు. ఉద్యోగం చేజారిపోతోందని తెలుస్తోంది గానీ ఎందుకో తెలియడం లేదు. ఏడుపొచ్చేసింది.

అంతలో పక్క చీరల దుకాణం సేటు పొట్ట పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "ఏందమ్మా, బతికున్న మనిషిని గోరీల పండవెడ్తున్నవ్? మా దిక్కు వార్తను ఖబర్ అంటరు, గోరీని గూడ గట్లనే పలుకుతరు. ఆయన గోరీ ఏడున్నదని అడిగినవ్ నువ్వు!"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చాచా మాత్రం మొదటి కాగితం మళ్లీ అడిగి తీసుకున్నాడు.

"అయితే పల్లెల జనం సచ్చిపోలేదా?"

"లేదు చాచా, పట్నానికి వచ్చేశారు."

"హమ్మయ్య! గందుకేనా మా గల్లీల నిలవడనీకి జాగ లేదు?"

సారు నవ్వేసి, "ఆయనకి అర్థమైంది. రేపట్నుంచి వచ్చెయ్యి" అన్నారు. వెళ్లబోతుంటే చాచా వెనక నుంచి కేకేశాడు: "నా ఖబర్ తయారైన నాడు నీకు ఖబర్ జేపిస్త బేటీ, ఫికర్ చెయ్యకు!" తర్వాత గాజులకి ఎప్పుడు వెళ్లినా మా పలకరింపు అదే. "ఖబర్ ఏంది?" అని ఆయన, "ఏ ఖబర్ చాచా?" అని నేను.

పోయినేడు వాళ్లబ్బాయి దగ్గర నుంచి ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. "అక్కా, అబ్బా పోయిండు. దాదా గోరీ పక్కనే పెట్టినం. నీకు ఖబర్ చెయ్యమని మరీమరీ చెప్పిండు." ఫోన్‌లో ఖబర్ ఏమిటని చెంపలేసుకున్న మనిషి ఖబర్ నాకు ఫోన్‌లోనే వచ్చింది. పట్టీ మీద వేలు పెట్టి పాఠం చెప్పిన ఆ వెర్రిపిల్ల గుర్తొచ్చి, కళ్లు తుడుచుకుంటూనే నవ్వేశాను.