అమ్మ దిగిన ఇంకుడు కుంట

2010 జూలై 9, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, చివ్వెంల దగ్గరి మా మెట్టచేనులో, అమ్మ చీర కొంగు నడుముకు చుట్టుకొని చెప్పులతోనే ఇంకుడు కుంటలోకి దిగింది. గట్టు మీద నేనూ, కుంటను కొలిచి సబ్సిడీ బిల్లు రాయడానికి కోదాడ వైపు నుంచి వచ్చిన అధికారీ నిలబడి ఉన్నాం.

వాన నీటిని చేలోనే ఆపి నేలలో ఇంకించే పట్టాదారుకు ప్రభుత్వం తవ్వకం ఖర్చు ఇచ్చేది. ఐదడుగుల లోతుంటే పూర్తి సొమ్ము, తగ్గితే కోత. పట్టా అమ్మ పేరిట ఉంది. మాకు మూడున్నర అడుగుల దగ్గర బండ తగిలింది. జేసీబీ యజమాని ఆ బండను ఒకసారి గీకి చూసి, తన యంత్రం పళ్లు తనకు ముఖ్యమని చెప్పి వెళ్లిపోయాడు. కిరాయి మాత్రం మరిచిపోలేదు. పూర్తి బిల్లు రాకపోతే అమ్మ పెంచుకుంటున్న రెండు గొర్రెలనూ తోలుకుపోతానన్నాడు. వాటిలో ఒకటి సూడిది.

తనిఖీకి ముందు రాత్రి వాన దంచికొట్టి కుంట అంచుదాకా నిండింది. ఇక కొలత ఎలా కుదురుతుందని నేను దిగులుపడ్డాను. అమ్మకు మాత్రం పండుగే.

"దేవుడే మూత పెట్టిండు, నువ్వు తియ్యకు" అన్నది. "అడుగులు, అంగుళాలు చెప్పకుంటే నీకు బువ్వ అరగదు. ఇయ్యాల జర నోరు మూసుకో కొడుకా. మూడున్నర అన్నవో, గొర్లకన్న ముందు నిన్నే తోలుత."

అధికారి కుంటను చూసి పెదవి విరిచాడు. "నీళ్లు తోడించాల్సిందేనండి. లేకపోతే ఎలా కొలుస్తాం?"

"నీళ్లు ఆపినమని సూపెట్టనీకి ఆపిన నీళ్లు పారబోయాల్నా సారూ?"

ఆయన గట్టు చుట్టూ చూశాడు. "పోనీ, ఒక కట్టె తెప్పించండి" అన్నాడు.

"కట్టెకేం తెలుస్తది? నేనే దిగుత!"

నేను అడ్డుచెప్పేలోగా దిగిపోయింది. మా ఊరి ఆడవాళ్లలో అమ్మే పొడుగరి. నీళ్లు ఆమె గడ్డాన్ని తాకాయి. "సూడుండ్రి సారూ, గదుమ దాక!" అన్నది. ఎర్రమట్టి నీళ్లలో మడిచిన మోకాళ్లు ఎవరికి కనిపిస్తాయి?

అధికారి తల ఊపి కాగితం మీద పెన్ను పెట్టాడు. "సరే అమ్మగారూ, పైకొచ్చి వేలిముద్ర వేయండి."

పైకి రావలసి ఉంటుందన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. అమ్మ మోకాళ్లు అలాగే మడిచి ఉంచి నడక మొదలుపెట్టింది. నీటి మీద తల ఒక్కటే బాతులా గంభీరంగా కదిలి వచ్చింది. ఇంతలో ఎడమకాలి చెప్పు బురదలో ఇరుక్కుంది. తూలి, ఆపుకోలేక నిటారుగా నిలబడింది. గడ్డం దాకా ఉన్న నీళ్లు పొట్ట మీదికి దిగిపోయాయి.

పెన్ను ఆగింది. నేను ఆకాశంలో మబ్బుల కోసం వెతికాను.

"ఇంకుడు కుంట గదా సారూ" అన్నది అమ్మ, ఏమాత్రం తొణకకుండా. "ఇంకింది."

అధికారి పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక తానే కట్టె తెచ్చుకొని కొలిచి, మూడున్నర అని రాసి, బండి ఎక్కి వెళ్లిపోయాడు.

"గంత నవ్విండు, నవ్వినందుకన్న ఒక అడుగు కలపలే" అన్నది అమ్మ, చీర పిండుకుంటూ.

వచ్చిన సొమ్ముకు ఒక గొర్రెను కలిపితే గాని కిరాయి తీరలేదు.

పోయినవి: అడుగున్నర లోతుకు రావలసిన సొమ్ము, ఒక గొర్రె, ఎడమకాలి చెప్పు.

మిగిలినవి: సూడి గొర్రె, మిరప నారుకు సరిపడా నీళ్లు, కుడికాలి చెప్పు.