పండు నొక్కే వేలు

గవర్నర్‌పేటలో పండ్ల కొట్టు నడిపిన మా బాబాయి మామిడిపండును బొటనవేలితో ఒక్కసారి నొక్కి, లోపలెలా ఉందో చెప్పేసేవాడు. తర్వాత ఆ వేలు ఫోనులో ఒక ఆటకు మరిగింది. నొక్కితే మూడు పండ్ల బొమ్మలు గిర్రున తిరిగే జూదం అది.

"ఆ బొమ్మలెందుకో తెలుసా బాబాయ్? వందేళ్ల కిందట అమెరికాలో జూదం కేసు పడకుండా ఇలా బొమ్మలు తిరిగే మిషన్లలో డబ్బుకు బదులు చూయింగ్ గమ్ ఇచ్చేవాళ్లంట. ఆ గమ్ రుచులే ఈ పండ్లు," అన్నాను.

"అంటే అప్పుడూ పండు లేదన్నమాట," అన్నాడు తలెత్తకుండా, మళ్లీ నొక్కుతూ.

కొట్టు పోయింది. మొన్న వేసవిలో ఆయన చేతిలో ఒక చిన్నరసం మామిడిపండు పెట్టాను. నొక్కాడు.

"పండిందా బాబాయ్?"

దానివంకే చూస్తూ మళ్లీ నొక్కాడు. తొక్క చిట్లి రసం మోచేతిదాకా కారుతున్నా నొక్కుతూనే ఉన్నాడు.