మీటరు ముందు పైడయ్య

విజయనగరంలో ఓ కాలేజీ ఫిజిక్సు ల్యాబుకి పైడయ్య అటెండరు. పెద్ద తీగచుట్టతో ప్రయోగం చేసే రోజున, స్విచ్చి తిప్పి బ్యాటరీని తప్పించాక కూడా, యాసిడ్ చిల్లుల ఖాకీ చొక్కాతో వంగి, మీటరు ముల్లు మెల్లగా సున్నా చేరేదాకా చూస్తాడు. ఆ తరవాతే తీగలు ముట్టుకోనిస్తాడు. అరవై ఎనిమిదిలో ఒకనాడు ఓ విద్యార్థి తొందరపడి తీగ లాగేస్తే నిప్పురవ్వ లేచింది.

"ఉండండి బాబూ! ఆపీసినా కరెంటు ఒక్కపాలి పోదు. సిన్నగా తగ్గాల," అన్నాడు పైడయ్య చెయ్యి అడ్డుపెట్టి.

భార్య కూర్మమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. మొదట్లో అలవాటు కొద్దీ రోజుకు పదిసార్లు ఆమెను పిలిచేవాడు. రానురాను అది సాయంత్రం గుమ్మం దగ్గర పిలిచే ఒక్క పిలుపుకి వచ్చింది. ఆ సాయంత్రం తనే నీళ్లు ముంచుకుని కాళ్లు కడుక్కున్నాక గానీ, పిలవలేదని గుర్తు రాలేదు. గడప దాటి బయటికి వెళ్లి, తడి కాళ్లకు మళ్లీ చెప్పులు తొడుక్కుని, "ఒసే కూర్మీ, నీళ్లు తే," అని పిలిచాడు.