ఈ సీజను నడుస్తది

ముందే చెప్పేస్తున్నాను, నేను బొద్దింకని చూసి ఒంటెని చూశానని చెప్పే రకం. కొంత తగ్గించుకుని చదవండి.

దోహాలో మేమున్న బిల్డింగుకి మెయింటెనెన్సు చూసే ఆయనది జగిత్యాల వైపు. మా బాత్రూములో, స్నానాల పీటకి సరిగ్గా పైన, ఖతర్‌లో చమురు పడకముందు నాటి గీజరొకటి వేలాడేది. అడుగంతా తుప్పు. గోడకున్న బోల్టులు వదులైపోయాయి. మా ఆవిడ రోజూ ప్రార్థన చేసుకుని మరీ స్నానానికి వెళ్ళేది.

పిలిస్తే వచ్చేవాడు. గీజరుకి చెవి ఆనించి, వేలితో టక్‌టక్‌మని కొట్టి, "ఈ సీజను నడుస్తది సారూ" అనేవాడు.

జనవరిలో పిలిచాం. "చలి ఇంకెన్ని దినాలు? ఎండలొస్తే దీంతోటి పనే లేదు."

జూలైలో పిలిచాం. "ట్యాంకు నీళ్ళే మసులుతున్నయి. గీజరెందుకు మేడం?"

మా ఆవిడకి ఒళ్ళు మండింది. "ఎండాకాలం స్విచ్చి ఆపేసి, ఇందులో చల్లారిన నీళ్ళే కదయ్యా అందరూ పోసుకునేది!"

"నీళ్ళు నిలుస్తున్నయంటే మంచిగున్నట్టే కదా మేడం!"

చివరికి ఓ పొద్దున ఒక బోల్టు ఊడి మా ఆవిడ భుజం పక్కనే పడింది. గీజరు ఓ పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ కేక ఎక్కడో ఊరవతల అల్ షహానియాలో పందేల ఒంటెలకి వినపడింది. ఆయన పరిగెత్తుకొచ్చి, మొహం మాడ్చుకుని, ఆ సాయంత్రమే కొత్త గీజరు బిగించాడు.

ఒంటెల సంగతి మీరే తగ్గించుకుని ఉంటారు. బోల్టు మాత్రం నిజం. నేను కల్పించింది కొత్త గీజరుని. ఆయన పాతదానికే ఇనప తీగ చుట్టి, టక్‌టక్‌మని కొట్టి వెళ్ళిపోయాడు. మేం ఇల్లు ఖాళీ చేసేనాటికీ అది అక్కడే ఉంది. ఇప్పుడు ఆ పీట మీద ఎవరి పిల్లలు కూచుంటున్నారో!