మూస చల్లారేదాకా

మొన్న బంగారుపేట బజారులో ఆచారి కొట్టుకు వెళ్ళాను. తెగిపోయిన నా కమ్మ ఒకటి కరిగించి మనవరాలికి పోగులు చేయించాలని. లోపల అడుగు పెట్టగానే యాసిడ్ వాసన గొంతులో గుచ్చుకుంది. ఆ వాసన ఎరగని వాళ్ళకు ఎలా చెప్పను? కుళ్ళిన వాసన కాదు, మాడిన వాసనా కాదు. ముక్కులోకి సూది దిగినట్టు ఉంటుంది. ఆచారి కమ్మను మూస అనే చిన్న మట్టి గిన్నెలో పెట్టి ఊది ఊది కరిగించాడు. ముద్ద గట్టిపడీ పడకముందే పట్టకారుతో మూసనే ఎత్తి త్రాసు మీద పెట్టబోయాడు. నా చేయి దానంతట అదే అడ్డం వెళ్ళింది.

“చల్లారనీయప్పా.”

“ఏం పెద్దమ్మా, నీ బంగారం నేనేమైనా మింగేస్తానా?” అని నవ్వాడు.

చల్లారనీయమన్న మాట నాది కాదు, పద్మావతమ్మది. ఆమె పోయి ఎంతో కాలమైనా నా నోట్లో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

మా ఊరి బంగారు గనులు గవర్నమెంటు చేతికి వచ్చిన తరువాతి సంగతి ఇది. మా ఆయన భూమి లోపల రాయి కొట్టేవాడు. దగ్గు పట్టుకుని ఆయన పోతే, ఆయన బదులు నాకు బంగారం పరీక్ష చేసే ల్యాబులో గాజు సామాను కడిగే పని ఇచ్చారు. పని ఉంటేనే గని వాళ్ళిచ్చిన లైనిల్లు ఉంటుంది. పని పోతే ఇద్దరు ఆడపిల్లలతో రోడ్డు మీద నిలబడాలి. మా బతుకంతా ఆ ఒక్క మేకుకే వేలాడుతుండేది. ఆ ల్యాబులో పెద్ద కెమిస్టు పద్మావతమ్మ. ముళబాగిలులో ధాన్యం అంగడి వాళ్ళ కూతురు. సన్నటి మనిషి, జుట్టు లాగి ముడి వేసేది, నవ్వగా చూసింది తక్కువ. అంగట్లో పుట్టి త్రాసుల మధ్య పెరిగిన మనిషికి తూకమంటే అంత భయమేమిటని ఒకసారి అడిగాను. “పొద్దున లేస్తే తూకం కాడ తగువులే చూస్తా పెరిగినా. అందుకే భయం,” అంది.

నాకు అక్షరాలు రావు, అంకెలు మాత్రం ఆ ల్యాబులోనే నేర్చుకున్నాను. అదీ ముద్దుగా నేర్పింది కాదు. ఒకరోజు గీతలున్న గాజు గొట్టంలో నీళ్ళు పోసి, ఎంత ఉన్నాయో చెప్పమంది. నిలబడే చూసి చెప్పాను. కాదంది. మళ్ళీ చూశాను, మళ్ళీ కాదంది. చివరికి నా భుజం పట్టుకుని నా కళ్ళు నీళ్ళ మట్టానికి వచ్చేదాకా వంచింది. నీళ్ళు గాజును పట్టుకుని అంచుల దగ్గర కొంచెం పైకెక్కుతాయని, నడుమ గుంట పడుతుందని, ఆ గుంట అడుగు ఏ గీత మీద ఉందో అదే లెక్కని చెప్పింది. ఈసారి నేను చెప్పిన అంకె మారింది.

“నీళ్ళు మారినాయా?” అంది.

“లేదమ్మా.”

“మరి ఏం మారింది?”

“నేను వంగినాను.”

బాగుందనలేదు. తల ఊపి వెళ్ళిపోయింది. ఇంకోసారి ఉప్పు నీళ్ళలో కలిపి, ఉప్పు యాడికి పోయిందని అడిగింది. కరిగిపోయిందన్నాను. ఆ నీళ్ళను పొయ్యి మీద ఇగిరించి, అడుగున తెల్లగా మిగిలిన దాన్ని చూపించింది. కంటికి కనపడనంత మాత్రాన లేకుండా పోదు, ఉన్నది ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుంది అంది. ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పోయిన వాళ్ళ గురించి ఆలోచించే దానికి ఆ మాట తీపిగానే ఉంటుంది. అదే మాట ఒకరోజు నా మెడకు ఉరితాడవుతుందని నాకేం తెలుసు?

ఆ రోజు మూసలో బంగారపు పొడి ఉంది. కొలిమిలో కాల్చి, చల్లార్చి, తూచాలి. మళ్ళీ కాల్చి, మళ్ళీ తూచాలి. రెండుసార్లూ ఒకే తూకం వస్తేనే తడి అంతా పోయినట్టు లెక్క. పొద్దున మొదటి తూకం పద్మావతమ్మే వేసింది. రెండోది సాయంత్రం వేయమని చిన్న కెమిస్టు శ్రీనివాసులుకు చెప్పి పెద్దాఫీసుకు వెళ్ళింది. అతను రోజూ బంగారుపేట నుంచి వచ్చిపోయే మనిషి, రైలు వేళ అయ్యేసరికి కాలు నిలవదు. కొలిమి నుంచి మూసను పట్టకారుతో తీసి త్రాసు గది దాకా మోసింది నేనే. చల్లార్చే గాజు జాడీలో పెట్టబోతే, వద్దు ఇటు ఇవ్వమన్నాడు. తూచాడు. తక్కువ వచ్చింది. నా ముఖం చూశాడు. ఆ తరువాత ఫోను అందుకున్నాడు.

గేటు పక్కనే కాబట్టి సెక్యూరిటీ ఆఫీసరు వెంటనే వచ్చేశాడు. ఆయన వెనుక ఆడవాళ్ళను తడిమి చూసే రత్నమ్మ. ఆయన కేకలేమీ వేయలేదు. మెల్లగా, చుట్టం పలకరించినట్టు అడిగాడు. “యాడ పెట్టినావమ్మా? ఇప్పుడే చెప్పేస్తే నీకే మంచిది.” అప్పుడే పద్మావతమ్మ లోపలికి వచ్చింది. జరిగింది విని, ఎవరితోనూ మాట్లాడకుండా త్రాసు గాజు తలుపు తెరిచి, మూసకు తాకకుండా తన మణికట్టు దగ్గరగా పెట్టి చూసింది. పట్టకారుతో మూసను తీసి గాజు జాడీలో పెట్టి, గ్రీజు రాసిన మూత బిగించింది.

“ఇది చల్లారేదాకా ఎవరి పేరూ రాయొద్దండి,” అంది.

ఆఫీసరు నావైపు చూపించి అడిగాడు. “ఈమెకు మీరు హామీ ఇస్తారా?”

“ఇవ్వను.”

నన్ను చూడనైనా చూడకుండా ఆమె అంది. “ఈమె తీసిందో లేదో నాకు తెలీదు. మూస వేడిగా ఉండాది. నాకు తెలిసింది అంతే.”

రత్నమ్మ నన్ను పక్క గదిలోకి తీసుకుపోయింది. మా వెనుక లైనులోనే ఉంటుంది, ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునే వాళ్ళం. నా జడ విప్పి వేళ్ళతో వెతికింది. రవిక కుట్లు తడిమింది. నా ముఖం మాత్రం చూడలేదు. ఏమీ దొరకలేదని చెప్పి నన్ను మళ్ళీ త్రాసు గదిలో నిలబెట్టారు. ఏమీ దొరకకపోతే దాచిన చోటు వేరే ఉందంటారు, నాకు తెలియదా? అందరం ఆ జాడీనే చూస్తున్నాం. ఉన్నది ఎక్కడో ఒకచోట ఉండే తీరుతుందని కదా ఆమె చెప్పింది. మూసలో లేకపోతే మరి ఎక్కడ ఉంది? తెచ్చేటప్పుడు నా చేయి వణికిందా? గచ్చు మీద ఒలికిందా? నా చీర అంచుకు అంటిందా? తీయలేదని నాకు తెలుసు. అయినా నా చేతుల మీద నాకే అనుమానం వచ్చేసింది. బయట రైలు కూత వినపడింది. శ్రీనివాసులు కిటికీ వైపు చూసి తల దించుకున్నాడు. అతని చొక్కా వీపున తడిసిపోయి ఉంది. ఆఫీసరు కుర్చీలో కూర్చున్నాడు. పద్మావతమ్మ పక్కనే స్టూలు ఉన్నా జాడీ దగ్గరే నిలబడింది.

చివరికి మూత తీసి, మణికట్టు దగ్గర పెట్టి చూసి, “నువ్వే తూచు,” అంది శ్రీనివాసులుతో. ముందు ఖాళీ త్రాసు ముల్లు నడిమికి వచ్చిందో లేదో చూపించమంది. తరువాత మూస పెట్టించింది. ముల్లు అటూ ఇటూ ఊగి, ఊగి, నిలబడింది. అతను వంగి చూశాడు.

“చదువు.”

చదివాడు. పొద్దుటి తూకమే. దించి మళ్ళీ తూచమంది. మళ్ళీ అదే.

వేడి గిన్నె చుట్టూ గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుందని, లేస్తూ త్రాసు పళ్ళేన్ని రవ్వంత ఎత్తుతుందని ఆమె ఆఫీసరుకు వివరించింది. కాగితం కాలిస్తే నల్లటి పొర పొయ్యి మీద పైకి తేలిపోతుంది చూడండి, నాకు అది గుర్తొచ్చింది. బంగారం ఎక్కడికీ పోలేదు. త్రాసే తప్పు చెప్పింది. ఆఫీసరు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పద్మావతమ్మ నాతో అన్నది ఒకటే. “జడ ఏసుకో. గాజు సామాను అట్లే ఉండాది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. చాలా రోజులు ఆమెతో పని మాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఒకనాడు పంపు దగ్గర ఆమె చేతులు కడుక్కుంటుంటే ఇక ఆగలేక అడిగేశాను.

“ఈ మునెమ్మ మంచిదని ఒక్క మాట అనింటే మీ సొమ్మేం పోయేదమ్మా?”

“నేను మంచిదంటాను. రేపు ఇంగొకరు చెడ్డదంటారు. మాటకు మాట అయిపోతాది. మూసను ఎవురు తూచినా ఒకటే చెప్తాది కదా. అందుకే అనుమానపడిన వాని చేతనే తూపిచ్చినా.”

“తూకం తక్కువే వచ్చింటే?”

నీళ్ళు పోతూనే ఉన్నాయి. ఆమె చేతులు ఎప్పుడో శుభ్రమైపోయాయి, అయినా కడుక్కుంటూనే ఉంది.

“తక్కువనే రాసేదాన్ని,” అంది.

అప్పుడు స్టూలు గుర్తొచ్చింది నాకు. మామూలుగా చల్లారే మూసను ఎవరూ కాపలా కాయరు. తక్కువ వస్తుందేమోనని నా కోసం భయపడే ఆమె అంతసేపూ కూర్చోలేదని అర్థమయ్యాక నేనే పంపు కట్టేసి, తుడుచుకోవడానికి గుడ్డ అందించాను.

కొన్నేళ్ళకు గనులు మూతపడ్డాయి. ఆమె ముళబాగిలు వెళ్ళిపోయి, అక్కడే పోయిందని విన్నాను. మా లైనులో ఎవరి వస్తువు కనపడకపోయినా, ఎవరి మీద నింద పడినా, ఫలానామె ఎలాంటిదని నన్ను అడగడానికి వస్తారు. నాకు తెలియదంటాను. ఎక్కడ పెట్టారో, ఎప్పుడు చూసుకున్నారో చెప్పమంటాను. కొందరికి నా మీద కోపం. ఆ కోపం ఎలాంటిదో నాకు తెలుసు, నేనూ పడ్డాను కదా.

ఆచారి వేరే పని చూసుకుని వచ్చి, “ఇంగ తూయనా పెద్దమ్మా?” అన్నాడు. మూస దగ్గర మణికట్టు పెట్టి చూశాను. ఇంకా సెగ తగులుతోంది. కూర్చోమని అతను స్టూలు జరిపాడు. నేను నిలబడే ఉన్నాను.