ఎనిమిదడుగుల తాడు

పన్నెండేళ్లుగా ఒక చెక్క పేడును మోస్తున్నాను. రెండంగుళాల పొడవు కూడా ఉండదది. బరువు మాత్రం నాకే తెలుసు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది తెనాలి. బడిలో డ్రాయింగ్ చెబుతాను. పోలయ్యది బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డు, నాకన్నా ఐదేళ్లు పెద్ద. వయసులో ఉండగా పడవ మీద మోకు చుట్టుకుని అతని కుడిచేతి రెండు వేళ్లు మొద్దుబారాయి. వేటకు పనికిరాని ఆ చేత్తోనే చెక్క మీద బొమ్మలు తవ్వడం నేర్చుకున్నాడు. "ఈ చెయ్యి ఎప్పుడో నన్ను ముంచుద్ది తమ్ముడూ" అని ఒకసారి అన్నాడు. ఆ భయం నా ఒక్కడికే తెలుసు.

ఇద్దరం కలిసి ఒక పెద్ద అచ్చుబొమ్మ వేద్దామనుకున్నాం. ఎనిమిదడుగుల పలకలు రెండు. పలక మీద మిగిలిన గీతకు సిరా అంటుతుంది, తవ్వేసిన చోటు తెల్లగా ఉండిపోతుంది. తవ్వినదాన్ని మళ్లీ పెట్టలేం. నా పలక మీద రేపల్లె స్టేషన్లో ఆగిన రైలు. అతని పలక మీద సముద్రం, పడవ, ఒడ్డున వాళ్లమ్మ. పడవ నుంచి ఆమె చేతి దాకా ఒకటే తాడు, ఎక్కడా తెగకుండా, వెంట్రుకంత గీత. దానికి ఇరువైపులా తవ్వుతూ పదకొండు రోజులు కూర్చున్నాడు.

అంత బొమ్మను ఒత్తే యంత్రం మాకెక్కడిది? రేపల్లెలో తెలిసినవాళ్ల రైసుమిల్లులో, ధాన్యం ఆరబోసే గచ్చు మీద పలకలు పరిచాం. సిరా పూసి, పైన చీరాల నేతగుడ్డ కప్పి, బస్తాలు మోసే కూలీలను దాని మీద నడిపించాలని ఆలోచన.

పొద్దున్నే వాళ్లంతా చుట్టూ మూగారు. "ఏంటండీ ఇది, తాడు పట్టుకు లాగితే పడవ వచ్చేట్టుందే!" అన్నాడొకడు. తర్వాత నా రైలు వైపు తిరిగి, "ఇదీ బాగానే ఉంది లెండి" అన్నాడు. అందరూ నవ్వారు. పోలయ్య కూడా.

అంతేనా? ఆ ఒక్క మాటకేనా? అంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉంటే బాగుండునని ఇన్నేళ్లూ నాలో నేనే వెతికాను. దొరకలేదు.

పోలయ్య టిఫిన్‌కి వెళ్లాడు, కూలీలు బస్తాల దగ్గరికి పోయారు. నేను ఉలి తీసుకుని, ఆ తల్లి చేతికి జానెడు దూరంలో, తాడు మీద ఒక్క తోపు తోశాను. చప్పుడు కూడా కాలేదు. లేచిన పేడును జేబులో వేసుకున్నాను. వెంటనే సిరా పూసి, కూలీలను పిలిచి గుడ్డ కప్పించాను.

"బొమ్మను తొక్కితే పాపం తగలదా సార్?" అని నవ్వుకుంటూ నడిచారు వాళ్లు. పోలయ్య వచ్చి, చెప్పులు విప్పి, తల్లి ఉన్నచోటు తప్పించి తనూ నడిచాడు.

గుడ్డ లేపాం. రైలు వచ్చింది. సముద్రం వచ్చింది. తాడు తెగి ఉంది.

అతను పలక వైపు చూడలేదు. చూసుంటే తెలిసిపోయేది. నాది ఎడమచేతి వాటం, కోత ఎటునుంచి మొదలైందో అలాంటి పనివాడికి ఒకరు చెప్పక్కర్లేదు. అతను తన వేళ్లను చూసుకున్నాడు.

"చెయ్యి జారింది తమ్ముడూ. జారినట్టు కూడా తెలీలేదు నాకు."

"పర్లేదన్నా, ఎవరికీ కనపడదులే" అన్నాను. నేనే అన్నాను.

సాయంత్రం తన ఉలులన్నీ గోనెపట్టాలో చుట్టి నా చేతిలో పెట్టాడు. మళ్లీ చెక్క ముట్టలేదు. బాపట్లలో చేపలమ్ముతున్నాడు. ఆ ఉలులతోనే నేను ఇన్నేళ్లూ పని చేశాను. వాటితోనే నాలుగు ఊళ్లలో పేరు తెచ్చుకున్నాను.

పోయిన నెల, చెప్పేద్దామని బాపట్ల వెళ్లాను. టీ గ్లాసు అందుకుంటుంటే అతని చెయ్యి వణికింది. నిజంగానే వణికింది, టీ చొక్కా మీద ఒలికింది. "చూశావా, ఆ రోజు మొదలైందే ఇది" అన్నాడు.

ఇప్పుడు చెప్పి ఏమివ్వగలను? బాగున్న చేతిని ఇన్నేళ్లు ఊరికే కూర్చోబెట్టానన్న సంగతి తప్ప ఇవ్వడానికి నా దగ్గరేముంది? చెప్పకపోవడమే దయ అనుకుంటూ రైలెక్కాను. తెనాలి వచ్చేలోపే తెలిసింది, అది పిరికితనమని.

అతను వదిలేసిన ఆ పలక మా ఇంట్లో గోడవైపు తిరిగి ఉంది. ఈ ఉదయం ఇటు తిప్పి, కోత మీద వేలు పెట్టాను. పోలయ్య చెయ్యి జారలేదు. ఆ తాడు తెంపింది నేను. ఇది రాశాక గుండెల్లో కాస్త గాలి ఆడింది. అంతకుమించి ఏమీ మారలేదు.